కోపానికి కాలని కావ్యం



పుస్తకం నచ్చకపోతే మూసి పక్కన పెట్టవచ్చు. కొందరికి అది చాలదు. రాసినవారిని తిట్టాలి, ఆ పుస్తకం ఇంకెవరికీ దొరక్కుండా చేయాలి. ఇంత కోపం వల్ల చివరికి ఒరిగేదేమిటి? మన సాహిత్య చరిత్రలోనే దీనికి జవాబుంది. ఆ జవాబు చెప్పినావిడ కన్నడనాట పుట్టినావిడే.

18వ శతాబ్దంలో తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలేవాడు. ఆయన ఆస్థాన కవయిత్రి ముద్దుపళని, ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యాన్ని 584 పద్యాలలో రచించింది. ఇళకు కృష్ణుడితో తానే పెళ్లి జరిపించిన రాధ, ఆ తర్వాత ఎడబాటు ఓర్వలేక అలుగుతుంది. కృష్ణుడు ఆమెను ఓదారుస్తాడు. ఇదీ కథ.

వందేళ్లు దాటిన తర్వాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ఈ కావ్యాన్ని కటువుగా నిందించారు. కవయిత్రి పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, స్త్రీ నోట రాకూడని మాటలు రాసిందన్నారు.

మైసూరు దగ్గరి నంజనగూడులో 1878లో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మకు ఈ నింద నచ్చలేదు. ఆమె సంగీత విదుషి. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకున్నది. ఆమె చేసిన పని చూడండి. చేతిరాత ప్రతి సంపాదించింది. అంతకుముందు అచ్చులో వదిలేసిన పద్యాలను చేర్చింది. 1910లో మద్రాసు వావిళ్లవారి ద్వారా పూర్తి కావ్యాన్ని వెలువరించింది. ఇలాంటి వర్ణనలు మగకవులు చేస్తే మెచ్చుకుని, ఆడది రాస్తే తప్పుపట్టడమేమిటని పీఠికలో నిలదీసింది.

మరుసటి ఏడే, 1911లో, పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. పండితుల విన్నపాలు పనిచేయలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలంలో గాని, అంటే 1947లో గాని, ఆ నిషేధం తొలగలేదు. 1952లో కావ్యం మళ్లీ అచ్చయింది. 2011లో ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చింది. 36 ఏళ్ల నిషేధం సాధించిందేమిటి? ఆ పద్యాల ముఖం చూడనివారికి కూడా ముద్దుపళని పేరు తెలిసింది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఇల్లే పోతుందంటారు. ఇక్కడ ఇల్లూ కాలలేదు, ఎలుకా చావలేదు.

అలాగని ఇప్పుడు వీరేశలింగంగారి గ్రంథం మీద మనం విరుచుకుపడితే అదీ అదే తప్పు. వితంతు వివాహాలకోసం, స్త్రీవిద్యకోసం పోరాడిన మనిషి ఆయన. పాత కవులను ఒకచోట చేర్చడానికి ఆయన పడ్డ శ్రమ చిన్నది కాదు. ఆ మాటతో విభేదిద్దాం, పుస్తకాన్ని మాత్రం దాచుకుందాం.

మన రాయచూరు జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం సాగే కుటుంబాలెన్నో. రెండు భాషల పుస్తకాలూ మన చేతికి వస్తాయి. కొన్ని నచ్చవు, సహజమే. ఏదైనా పుస్తకం బాగోలేదని విద్యార్థి అంటే, “ఏ పుటలో, ఏ మాట, ఎందుకు?” అని నేను అడుగుతాను. చాలాసార్లు ఆ పిల్లవాడు ఇంకోసారి చదవవలసి వస్తుంది. చదివాక కూడా నచ్చకపోతే జవాబు రాయమంటాను, తెలుగులోనైనా సరే, కన్నడంలోనైనా సరే. తిట్టు గాలిలో కలిసిపోతుంది. నాగరత్నమ్మ రాసిన పీఠిక మాత్రం ఆ కావ్యంతోపాటు నిలిచింది.

సెలవు.