27 డాలర్ల 63 సెంట్లు

కోడ్ రివ్యూలో నేను ఊరుకోని తప్పు ఒకటుంది. లెక్క కట్టి తేవాల్సిన చోట ఎవరైనా అంకెని నేరుగా రాసేసి వెళ్లిపోవడం. హార్డ్‌కోడింగ్ అంటాం. రాసిన రోజు బాగానే నడుస్తుంది, చుట్టూ ఉన్నవి మారాక బయటపడుతుంది. అలాంటి అంకె ఒకటి అమెరికా కార్మిక చట్టంలో 1996 నుంచీ ఉంది: గంటకు 27.63 డాలర్లు.

అక్కడ 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ పనివారాన్ని దశలవారీగా 40 గంటలకు తెచ్చింది. అది దాటితే ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. మేనేజర్లకీ, డాక్టర్లూ లాయర్లలాంటి 'ప్రొఫెషనల్స్'కీ ఇది వర్తించదు. మరి ప్రోగ్రామర్లు ఏ కోవలోకి వస్తారు? వాళ్లకి లైసెన్సంటూ ఏదీ లేదు కదా. 1990 నవంబరులో అమెరికన్ కాంగ్రెస్ తేల్చేసింది: అనలిస్టులు, ప్రోగ్రామర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కూడా ఆ మినహాయింపు కిందికే వస్తారు. గంటల లెక్కన తీసుకునేవాళ్లకైనా సరే, ఆ రేటు కనీస వేతనానికి ఆరున్నర రెట్లుంటే ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదు.

ఆరున్నర రెట్లు అనేది సూత్రం. కనీస వేతనంతో పాటు తనూ పెరుగుతుంది. 4.25 డాలర్ల కనీస వేతనాన్ని గుణిస్తే వచ్చేదే 27.63. 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం కనీస వేతనాన్ని రెండు విడతల్లో 5.15కి పెంచింది. అదే చట్టం ఈ సూత్రాన్ని తీసేసి, 27.63ని అంకెగా రాసేసింది! 2009 నుంచి కనీస వేతనం 7.25. పాత సూత్రమే ఉండుంటే హద్దు 47 డాలర్లు దాటేది. కాలిఫోర్నియా 2000లో తన హద్దుని 41 డాలర్లుగా పెట్టి, ధరలతో పాటు మారేలా రాసుకుంది. ఇప్పుడది 50 దాటింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో ఆటలు తయారుచేసే ఉద్యోగులు ఓవర్‌టైమ్ కోసం కోర్టుకెక్కింది కూడా ఆ రాష్ట్రంలోనే. 2005లో ఆర్టిస్టులకి 1.56 కోట్ల డాలర్లు, 2006లో ప్రోగ్రామర్లకి 1.49 కోట్లు ఇచ్చి కంపెనీ రాజీపడింది.

ఆ 1990 నవంబరులోనే, రెండు వారాల తేడాతో, ఇంకో చట్టం వచ్చింది. హెచ్-1బి వీసా దాంట్లోంచే పుట్టింది. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోర్సులు చేసి, కన్సల్టెన్సీల ద్వారా వెళ్లిన మనవాళ్లు ఈ రెండు చట్టాల మధ్యే దిగారు. చాలామందికి క్లయింట్ బిల్లు గంటల్లో ఉండేది, జీతం మాత్రం నెలకింత అని. నెలజీతగాళ్లకైతే మినహాయింపు హద్దు ఇంకా తక్కువ.

మా నాన్న ఫ్యాక్టరీలో చేసేవారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అదనపు గంటకి రెట్టింపు కూలి ఉండేది. ఆయన జీతం స్లిప్పులో 'ఓటీ' అని ఒక గడి ఉండేది, దసరా ముందు అమ్మ మొదట చూసేది దాన్నే. నా స్లిప్పులో హోదా ఉంటుంది, బోనస్ ఉంటుంది. ఆ గడి లేదు. రాత్రి పదకొండింటికి రిలీజ్ కాల్‌లో కూర్చుంటే, "నువ్వు ఆఫీసరువి కదరా, నీకు ఓటీ ఎందుకిస్తారు" అంటారాయన, కొంచెం గర్వంగానే.