పట్టికలు చెప్పని మాట

కోట్ల పర్యాయములు పరీక్షకు నిలిచిన నియమము సత్యమే యని వెనుకటి ప్రసంగ మొకదానిలో మేము పలికియుంటిమి. ఆ మాటను నేడు సవరించుకొనవలసి వచ్చినది. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు మార్కస్ డు సోటోయ్ 2003లో ప్రకటించిన 'ద మ్యూజిక్ ఆఫ్ ద ప్రైమ్స్' అను జనరంజక గ్రంథమును చదువుటయే ఇందులకు కారణము.

ఒకటిచేతను తనచేతను తప్ప వేరొక సంఖ్యచేత నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11 అట్టివి. వీనికి అంతము లేదని క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూక్లిడ్ నిరూపించెను. ప్రధాన సంఖ్యలు ఇవియే యని యెవరైన జాబితా వ్రాసియిచ్చిరనుకొందము. వాని నన్నింటిని గుణించి ఒకటి కలిపినచో, వచ్చిన సంఖ్యను జాబితాలోని దేనితో భాగించినను ఒకటి శేషించును. కనుక జాబితాకు చిక్కని ప్రధాన సంఖ్య మరియొకటి యుండి తీరవలెను.

అంతము లేదు సరే, వాని వరుసలో క్రమ మేమైన కలదా? 100 లోపల 25, 1,000 లోపల 168, పదిలక్షల లోపల 78,498 ప్రధాన సంఖ్యలు గలవు. పోను పోను అవి పలుచబడుచుండును. 1792 ప్రాంతమున పదునైదేండ్ల జర్మను బాలుడు గౌస్ పట్టికలు ముందిడుకొని ఈ పలుచదనమునకు సూత్రము నూహించెను. తీరిక దొరికిన పావుగంటలలో వేయేసి సంఖ్యల చొప్పున లెక్కించుచుంటినని ఆయనయే 1849లో ఎన్కె యను జ్యోతిశ్శాస్త్రజ్ఞునకు వ్రాసెను. పదిలక్షల లోపల ఆయన సూత్రము చూపు లెక్క సుమారు 78,627. తేడా 130కి లోపే! సంఖ్యలు పెరిగినకొలది ఈ తేడా మొత్తముతో పోల్చగా అత్యల్పమగునని 1896లో హాదమార్, ద లా వల్లే పూసా వేరువేరుగా నిరూపించిరి.

ఇచటనే చిక్కు వచ్చినది. పట్టికలలో ఎంతదూరము చూచినను సూత్రము చెప్పునది నిజమైన లెక్కకంటె కొంచె మధికముగనే యుండెను. ఎల్లప్పుడును ఇంతియే యని తలంచుట సహజము. కాని 1914లో లిటిల్‌వుడ్ ఈ క్రమము అనంత పర్యాయములు తారుమారగునని నిరూపించెను. చేసిన లెక్కలలో నేటివరకును ఆ తారుమారు ప్రత్యక్షముగా కంటబడలేదు. అయినను అది కలదు.

మన రామానుజన్ కథయు నిచటనే కలియును. మద్రాసు పోర్టు ట్రస్టు గుమాస్తాగా నుండి 1913 జనవరి 16న ఆయన హార్డీకి వ్రాసిన లేఖలో ప్రధాన సంఖ్యల ప్రస్తావనయు గలదు. గౌస్‌ను ఎరుగకయే ఆయన అట్టి సూత్రమునకే చేరువయ్యెను. అయితే అది తాను తలంచినంత సూక్ష్మముగా నిజము కాదని హార్డీ, లిటిల్‌వుడ్ కనుగొనిరి. అంతటి దృష్టికిని నిరూపణ తోడు కావలసివచ్చినది.

కోట్ల ఉదాహరణములు మనలను నమ్మించగలవు. నిరూపణ వేరు. మా పాత ప్రసంగమును జ్ఞాపకముంచుకొన్న శ్రోతలు ఈ సవరణను కూడ జ్ఞాపకముంచుకొందురని ఆశించుచున్నాము.