వాన పట్టే అడ్డదారి

పశువుల పెంటలోని సూక్ష్మజీవులను మట్టి వడగట్టేస్తుందన్న ధీమా చాలాకాలం నడిచింది. అది నిజమా కాదా తేల్చే దారి 1870లోనే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో దొరికింది. అక్కడ శాస్త్రవేత్తలు లాస్, గిల్బర్ట్ నేలను కదపకుండా, ఉన్నదున్నట్టుగా చుట్టూ గోడ కట్టి, అడుగున నీరు పట్టే ఏర్పాటు చేశారు. వాననీటిలో కొంత మట్టిలో ఇంకకుండానే, తెరుచుకున్న సందుల వెంట నేరుగా దిగిపోతోందని వారింగ్టన్‌తో కలిసి 1882లో రాశారు.

ఆ మాటను తర్వాత ఎక్కువమంది పట్టించుకోలేదు. ప్రయోగశాలల్లో మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లెడపట్టి గొట్టాల్లో నింపేవారు. వేళ్లు కుళ్లిన సందులు, వానపాముల బొరియలు ఆ జల్లెడలోనే పోయేవి. చూడాల్సినదాన్నే చెరిపేసుకుని చూసేవాళ్లన్నమాట!

1985లో అమెరికాలో స్మిత్, థామస్, వైట్, రిటోంగా కదపని మట్టినీ, కలిపి నింపిన మట్టినీ పక్కపక్కన పెట్టి చూశారు. పేగుల్లో బతికే ఈ.కోలై బ్యాక్టీరియాలో స్ట్రెప్టోమైసిన్ మందుకు చావని రకాన్ని ఎంచుకున్నారు. కింద దొరికినవి తాము పోసినవే అని తేలాలి కదా. కలిపి నింపిన మట్టి 93 శాతానికి తగ్గకుండా వాటిని పట్టి ఉంచింది. కదపని మట్టిలోంచి మాత్రం ఒక్కోసారి 96 శాతం దాకా కిందికి వచ్చేశాయి.

2000 మేలో కెనడాలోని వాకర్టన్ ఊళ్లో ఈ లెక్క మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది. పొలంలో చల్లిన పెంటలోని ఈ.కోలై భారీ వానలకు లోతులేని మంచినీటి బావిలో చేరింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. రైతు చేసిన తప్పేమీ లేదని విచారణ సంఘం స్పష్టంగా చెప్పింది. ఆ మాట మనం గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే మన దగ్గరా అలా జరగొచ్చు. ఖమ్మం జిల్లా బోనకల్ వైపు నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు విచ్చుతాయి. పెంట తోలేదీ, గొర్రెల మంద కట్టించేదీ అప్పుడే. తొలకరి జోరుగా కురిస్తే నీరు ముందు నెర్రెల్లోకే దిగుతుంది. రేగడి తడిసి ఉబ్బాక అవి పూడుకుంటాయి కాబట్టి, ఈ దారిన పోయే ముప్పు తొలి వానల్లోనే ఎక్కువ. తోలిన పెంటను వానకు ముందే పైపైన దున్ని కలిపితే నెర్రెల నోళ్లు మూసుకుంటాయి. కుప్పను తిరగేస్తూ 55 డిగ్రీలు దాటేలా మాగనిస్తే ఆ వేడికి ఈ.కోలై చాలావరకు ముందే చస్తుంది. పెంటకుప్ప మాత్రం బావికీ చేతిపంపుకూ ఎగువన ఉండకూడదు.