టీబీ గురించి మన ఆడవాళ్లకు తెలియదా? చరిత్ర ఏం చెప్తుందో చూద్దాం

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి.

టీబీ మీద ఎక్కడ మీటింగ్ పెట్టినా ఒక మాట వినపడుతుంది: "తండా ఆడవాళ్లకు అవగాహన లేదు, అందుకే జబ్బు పోతలేదు." ఇది ఎంతవరకు నిజం?

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ టీబీకి కారణం ఒక బాక్టీరియా అని ప్రకటించిండు. ఇది శాపం కాదని అప్పుడే తేలింది. కానీ మందు దొరకడానికి ఇంకో 60 ఏళ్లు పట్టింది. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనిపెట్టిండ్రు. అప్పటిదాకా వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. అందుకే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో, మన దిక్కు వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో శానిటోరియంలు పెట్టిండ్రు. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కే వంద కిలోమీటర్లు దాటుతది, వికారాబాద్ ఇంకా అవతల. పిల్లల్ని, మేకల్ని, కూలిని వదిలేసి నెలల తరబడి అక్కడ ఏ తల్లి ఉండగలదు?

ఈ పద్ధతిని మార్చింది మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన. పేద రోగుల్లో సగం మందికి శానిటోరియంలో, సగం మందికి ఇంట్లోనే మందులు ఇచ్చిండ్రు. ఇరుకిళ్లు, తక్కువ తిండి ఉన్నా ఇంటి దగ్గర మందులు వాడినవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నరు. వాళ్ల వల్ల ఇంట్లోవాళ్లకు ఎక్కువగా అంటిందేం లేదని కూడా తేలింది. నా దృష్టిలో ఇది ఆడవాళ్లకు జరిగిన పెద్ద మేలు.

అసలు విషయం ఇక్కడుంది. 1963లో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో చేసిన అధ్యయనం అచ్చయింది. టీబీ ఉన్నవాళ్లలో చాలామందికి తమ లక్షణాలు తెలుసు. సగం మంది దాకా ఆస్పత్రి మెట్లు ఎక్కిండ్రు కూడా. అక్కడ తెమడ పరీక్ష చేయకుండా దగ్గు మందు ఇచ్చి పంపిండ్రు. అంటే లోపం పేదల తెలివిలో లేదు, వాళ్లను చూసే పద్ధతిలో ఉంది.

ఇప్పుడు మన తండాలకు వద్దాం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించాలని చాలామంది యాడీలు విన్నరు. మరి ఎందుకు పోరు? పోతే ఆ రోజు కూలి పోతది. పేరు బయటపడితే బిడ్డ పెండ్లి ఆగుతదని భయం. కొత్త కోడలైతే పుట్టింటికి పంపిస్తరని భయం. అందరూ తిన్నంక మిగిలింది తినే అలవాటు ఇంకొకటి. జార్ఖండ్‌లో చేసిన, 2023లో ప్రచురించిన రేషన్స్ పరిశోధనలో రోగి ఇంట్లోవాళ్లకు అదనపు తిండి సరుకులు ఇస్తే వాళ్లకు టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గింది. అంటే ఆడమనిషి కడుపు నిండా తినడం కూడా నివారణే.

అలవాట్ల మాట కూడా చెప్పుకోవాలి. దగ్గేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం, ఇంట్లోకి గాలి, వెలుతురు రానివ్వడం మంచివే. కానీ గిన్నె, చెంబు, దుప్పటి వేరు చేయడం వల్ల లాభం లేదు. టీబీ గాలి ద్వారా వస్తది, పాత్రల వల్ల కాదు. వేరు గిన్నె పెడితే ఆ మనిషి మనసు విరుగుతది, అంతే. మాత్రలు మొదలుపెట్టినంక మూత్రం ఎర్రగా వస్తే భయపడి ఆపొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. సాధారణ టీబీకి ఆరు నెలల కోర్సు పూర్తి చేయాలి. మధ్యలో ఆపితే మందుకు లొంగని టీబీ వచ్చే ప్రమాదం ఉంది. సర్కారు దవాఖానలో పరీక్ష, మందులు ఉచితం. 2018 నుంచి నెలకు 500 రూపాయలు పోషణకు ఇస్తున్నరు, 2024 నవంబర్ నుంచి అది 1000 అయింది.

చదువుకున్నోళ్లుగా మనం చేయగలిగింది ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు "నీకు తెల్వదు" అని అమ్మకు క్లాస్ పీకొద్దు. "ఎన్ని రోజుల నుంచి దగ్గుతున్నవు? రేపు నేను తోడొస్త, పోదాం పా" అనండి.