చిత్రగ్రీవుని సముద్రయానము

కలకత్తా నగరమునకు నైరృతి దిశను, హుగ్లీ నదీతీరమున ఖిదిర్‌పూర్ పేట ఉన్నది. 1892లో అక్కడ పెద్ద రేవు తెరచినారు. దాని నానుకొని ఉన్నది గార్డెన్ రీచ్. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయము అక్కడనే ఉండెడిది. వాల్తేరు మీదుగా సాగిన ఆ రైలుమార్గమున ఉద్యోగము కొరకు, కూలి కొరకు ఎందరో తెలుగువారు ఆ ప్రాంతమునకు చేరుకొన్నారు. సమీపముననే మటియాబుర్జ్. రాజ్యమును పోగొట్టుకొని 1856లో కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, 1887లో మరణించువరకు ఆ మటియాబుర్జ్‌ను చిన్న లక్నోగా మార్చి గడపినాడు. సంగీతముతోపాటు పావురములను ఎగురవేయు వేడుకను కూడ ఆయన కొలువు వెంట తెచ్చినది. ఒకవైపు దూరదేశములకు పోవు ఓడలు, మరియొకవైపు ఎంత దూరమెగిరినను గూటికే మరలివచ్చు పావురములు. వంగ రచయితల జీవితములలో ఈ రెండింటి పోలికయు కనిపించును.

ఖిదిర్‌పూర్‌లోనే మైకేల్ మధుసూదన దత్తు తండ్రిగారి ఇల్లు ఉండెడిది. ఆంగ్లకవి కావలెనని కలగన్న మధుసూదనుడు 1848లో మదరాసు చేరి, మరుసటి సంవత్సరము ‘కాప్టివ్ లేడీ’ అను ఆంగ్ల కావ్యమును అచ్చు వేయించినాడు. కోరిన కీర్తి రాలేదు. మాతృభాషకు మరలివచ్చి, 1861లో ‘మేఘనాదవధ’ కావ్యముతో వంగ కవిత్వపు నడకనే మార్చినాడు. పరభాషలో పేరు పొందదలచిన భారతీయునకు ఆ కథ ఒక హెచ్చరికగా నిలిచినది. ఆ హెచ్చరికను దాటి ఆంగ్లమున, అందులోను అమెరికా బాలుర కొరకు వ్రాసి గెలిచినవాడు, కలకత్తాలో చదువుకొన్న ధనగోపాల ముఖర్జీ. అయితే ఆ గెలుపు వలన ఆయనకు దక్కినది ఎంత, దక్కనిది ఎంత అన్నది విచారింపదగిన విషయము.

ధనగోపాలుడు 1890లో కలకత్తా సమీపమున ఒక గ్రామములో బ్రాహ్మణ కుటుంబమున జన్మించినాడు. అన్న జాదుగోపాల్ యుగాంతర్ విప్లవ సంఘపు నాయకులలో ఒకడు. తమ్ముడు యంత్రవిద్య నేర్వబూని జపాను చేరి, అక్కడ మనసు నిలువక 1910లో అమెరికా పశ్చిమతీరమున దిగినాడు. పాత్రలు కడిగి, పొలములలో కూలి చేసి, బర్కిలీలో కొంతకాలము చదివి, 1914లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడైనాడు. 1916లో అక్కడికి వచ్చిన నరేంద్రనాథ భట్టాచార్యకు మానవేంద్రనాథ రాయ్ అన్న కొత్త పేరు పెట్టుకొమ్మని సలహా ఇచ్చినవాడు ఈయనయే. ‘రజని’, ‘సంధ్య’ అను గీతసంపుటములను ప్రకటించినను, కవిగా లోకము ఆయనను అంతగా గుర్తింపలేదు. 1922లో వెలువడిన ‘కరి ది ఎలిఫెంట్’ అను ఏనుగు కథతో ఆయన దారి ఏర్పడినది.

ఆ దశాబ్దమున అమెరికాలో భారతీయుని స్థితి విచిత్రమైనది. 1923లో భగత్ సింగ్ థింద్ అను పంజాబీ వ్యాజ్యమున ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, భారతీయుడు శ్వేతజాతీయుడు కాడనియు, కావున పౌరసత్వమునకు అర్హుడు కాడనియు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరముననే ధనగోపాలుని ఆత్మకథ ‘కాస్ట్ అండ్ అవుట్‌కాస్ట్’ అచ్చయినది. అందు మొదటి భాగము భారతదేశమున గడచిన బాల్యము. రెండవది అమెరికాలో వెలివాని బ్రతుకు. 1927లో కాథరిన్ మేయో ‘మదర్ ఇండియా’ పుస్తకముతో భారతీయులను లోకము ముందు హేయులుగా నిలబెట్టినది. ధనగోపాలుడు మరుసటి సంవత్సరము ‘ఎ సన్ ఆఫ్ మదర్ ఇండియా ఆన్సర్స్’ అన్న చిన్న గ్రంథముతో ఆమెకు బదులు చెప్పినాడు. కాని ఆయన అసలు సమాధానము అంతకుముందే, 1927లోనే, ఒక పావురము కథగా వెలువడియున్నది. ఆ కథయే ‘గే నెక్’. అమెరికా గ్రంథాలయ సంఘము 1922 నుండి ఉత్తమ బాలసాహిత్యమునకు ఇచ్చుచున్న న్యూబరీ పతకమును 1928లో దానికి ఇచ్చినది.

ఆ పావురము అసలు పేరు చిత్రగ్రీవుడు. రంగురంగుల మెడ గలది అని అర్థము. ఈ పేరు తెలుగు పాఠకునకు పరిచితమైనదే. గోదావరీతీరపు బూరుగుచెట్టు కడ మొదలగు మిత్రలాభ కథలో, వలలో చిక్కిన పావురముల రాజు చిత్రగ్రీవుడు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడిన నాటినుండి మన పాఠశాలలలో తరతరముల పిల్లలు అతని కథ చదివినారు. ధనగోపాలుడు ఆ పేరును కలకత్తా మేడలమీదికి తెచ్చినాడు. ఒక బాలుడు పెంచిన ఆ పావురము డేగల వాతబడక తప్పించుకొని, హిమాలయములు చూచి, మొదటి ప్రపంచ యుద్ధమున వార్తాహరియై ఫ్రాన్సు రణభూమికి పోవును. గాయపడి తిరిగివచ్చిన పిదప, భయముచేత ఎగురుటయే మానివేయును. దాని వెంట యుద్ధమునకు పోయిన వేటకాడు ఘోండుకును మనసు చెదరినది. ఇద్దరికిని హిమాలయ బౌద్ధ విహారమున స్వస్థత చేకూరును. భయము, ద్వేషము అను వ్యాధులకు మందు తూర్పు దేశమున కలదని, మేయో పుస్తకము చదువుచున్న వారి పిల్లలకు ఆయన ఈ విధముగా చెప్పినాడు.

పిల్లల పుస్తకము చిన్న విషయము కాదని అమెరికాలోని నల్లజాతివారికి అనుభవపూర్వకముగా తెలియును. భారతదేశమున నివసించిన స్కాట్లండ్ వనిత హెలెన్ బానర్మన్ 1899లో ప్రకటించిన ‘లిటిల్ బ్లాక్ సాంబో’లో పులులున్నవి, నెయ్యి ఉన్నది. అయినను అమెరికా ప్రచురణలలో చిత్రకారులు ఆ బాలుని నల్లజాతి పిల్లలను వెక్కిరించు బొమ్మగా మార్చినారు. ఆ అవమానమునుండి తమ బిడ్డలను కాపాడుటకే డుబోయిస్, జెస్సీ ఫాసెట్ కలసి 1920, 1921 సంవత్సరములలో ‘ది బ్రౌనీస్ బుక్’ అను మాసపత్రికను నడపినారు. యువకుడైన లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనలకు ఆ పత్రిక చోటిచ్చినది. ఆర్నా బాన్‌టెంప్స్ ‘స్టోరీ ఆఫ్ ది నీగ్రో’ గ్రంథమునకు 1949లో న్యూబరీ గౌరవము మాత్రము లభించినది. పతకమే ఒక ఆఫ్రికన్ అమెరికన్ చేతికి అందుటకు 1975 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ సంవత్సరము ‘ఎం. సి. హిగ్గిన్స్, ది గ్రేట్’ నవలకు దానిని పొందిన వర్జీనియా హామిల్టన్, బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన వాని మనుమరాలు. 1985లో ఆమె కూర్చిన జానపద కథల సంపుటి పేరు ‘ది పీపుల్ కుడ్ ఫ్లై’. బానిసలు రెక్కలు పొంది పొలములనుండి ఎగిరిపోయిన కథ అందున్నది. చిత్రగ్రీవునకు ఆ కథతో చుట్టరికము కలదు.

హామిల్టన్ ఒహాయో రాష్ట్రమున జన్మించినది. 1936 జూలై 14న ధనగోపాలుడు న్యూయార్క్‌లో తన జీవితమును తానే ముగించుకొన్నాడు. అప్పటికి వయస్సు 46 సంవత్సరములు. పతకము వచ్చి 8 సంవత్సరములైనది. భారతీయులకు పౌరసత్వమిచ్చు శాసనము అమెరికాలో 1946లో గాని రాలేదు. ఒక జాతి పుస్తకమును బహూకరించుట వేరు, ఆ పుస్తకము వ్రాసినవానికి తమ నడుమ చోటిచ్చుట వేరు. మొదటిది సులభము.

మిత్రలాభమున, వలను కొరుకవచ్చిన ఎలుక మొదట రాజు బంధములనే తెంపబోగా, చిత్రగ్రీవుడు వారించి, నా పరివారమును ముందు విడిపింపుమనును. ధనగోపాలుడును ఆ క్రమముననే నడచినాడు. పరదేశపు బాలుర మనసులలోని భయమును విడిపించుటకు తన కథను వెచ్చించినాడు. ఆయన బంధములను తెంపుటకు మాత్రము సకాలమున మిత్రుడెవ్వడును రాలేదు.