పాట అందరిదీ, పేరు ఎవరిది?



మొన్న భద్రావతి పేటలో మన వాళ్ల పెండ్లి బరాత్. బ్యాండువాళ్లు ఒక బాణీ ఎత్తుకోగానే ముసలివాళ్లం, పిల్లలం అందరం చేతులు పైకెత్తి ఎగిరాం. మా మనవడు అడిగాడు: "తాతా, ఇది ఎవరి పాట?" మేము "హిందీ పాటరా, కంచన్ పాడింది" అన్నాం. వాడు ఫోనులో చూసి "కాదు, అమెరికా ఆయనది" అన్నాడు. ఇద్దరమూ తప్పే. ఆ రాత్రి కూర్చుని అసలు సంగతి తెలుసుకున్నాం.

ఆ పాట పేరు 'హాట్ హాట్ హాట్'. 1982లో వచ్చింది. రాసి పాడినవాడు ఆల్ఫాన్సస్ క్యాసెల్. అందరూ 'యారో' అనేవారు, అంటే బాణం. ఊరు మాంట్‌సెరాట్, కరీబియన్ సముద్రంలో చిన్న ద్వీపం. దానికి వాద్యాలు కూర్చినవాడు ట్రినిడాడ్‌కు చెందిన లెస్టన్ పాల్.

ఈ రకం పాటను సోకా అంటారు. దీన్ని 1970లలో ట్రినిడాడ్‌లో లార్డ్ షార్టీ అనే గాయకుడు రూపుదిద్దాడు. అక్కడి కలిప్సో పాటకు భారతీయుల ఢోలక్, ధంతాల్ దరువులు కలిపాడు. 1845 నుంచి 1917 దాకా చెరుకు తోటల్లో కూలికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లు మోసుకుపోయిన దరువులవి. అందుకే కాబోలు, మాట అర్థం కాకపోయినా మన కాళ్లు ఆగవు.

నలభై ఏళ్లు దాటినా పాట ఎందుకు పాతబడలేదు? పల్లవి చిన్నది, ఒక్కసారి వింటే నోటికి వస్తుంది. ఒకరు అంటే గుంపు అందుకుంటుంది. వినేవాళ్లు, పాడేవాళ్లు అని తేడా ఉండదు. మన బతుకమ్మ పాటలోనూ కిటుకు ఇదే కదా.

బాబ్లా, కంచన్ దీన్ని 'కుఛ్ గడ్‌బడ్ హై' అని హిందీలో పాడారు. 1987లో అమెరికాలో డేవిడ్ జొహాన్సెన్ బస్టర్ పాయిండెక్స్టర్ అనే పేరుతో పాడితే అక్కడ అదే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఆ పాట తన ప్రాణానికి బెడద అయిందని తర్వాత ఆయనే వాపోయాడు. పాట ఊరూరా తిరిగింది, యారో పేరు మాత్రం వెనకబడింది.

యారోకు మాంట్‌సెరాట్ రాజధాని ప్లిమత్‌లో బట్టల దుకాణం ఉండేది. 1995లో అగ్నిపర్వతం లేచింది. ప్లిమత్ బూడిద కింద పూడుకుపోయింది, జనంలో మూడింట రెండు వంతుల మంది ద్వీపం విడిచిపోయారు. ఆయన పోలేదు. తన వాళ్ల కోసం పాటల ఉత్సవం పెట్టి చందాలు పోగుచేశాడు. 2010 సెప్టెంబరు 15న అక్కడే కన్నుమూశాడు.

ఇది చదువుతుంటే మాకు మన సంగతే గుర్తొచ్చింది. మన పెద్దలూ నిజాం ఇలాకా విడిచి షోలాపూర్ చేరినవాళ్లే. 1877లో నడక మొదలుపెట్టిన జూనీ మిల్లు భోంగా ఇప్పుడు మోగదు. షోలాపురీ చద్దరు మాత్రం దేశమంతా కప్పుకుంటుంది. 2005లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. మరి నెమలిపింఛం నమూనాను గీతల కాగితం మీద గీసిందెవరు? జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టిందెవరు? చద్దరు మీద కంపెనీ పేరు ఉంటుంది, వాళ్ల పేరు ఉండదు.

యారో పేరు రికార్డు అట్ట మీద ఉంది కాబట్టి మా మనవడికి చివరికి దొరికింది. మన వాళ్ల పేర్లు ఎక్కడా రాసిలేవు, పెద్దల నోట్లోనే ఉన్నాయి. అశోక్ చౌక్‌లో, సాఖర్ పేటలో ఆ పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకే ఒక విన్నపం. మీ ఇంట్లో నమూనాలు గీసినవాళ్లు, అట్టలు కొట్టినవాళ్లు, మగ్గం నడిపినవాళ్లు ఎవరున్నా, పేరు, పేట, ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. వచ్చే రాఖీ పౌర్ణమికి మార్కండేయ స్వామి రథం కదిలే లోపు ఒక పుస్తకం నింపుదాం. మొదటి పేజీలో మా తాత పేరు మేమే రాస్తున్నాం.