క్షురకుని పొది చెప్పే చరిత్ర



భద్రాచలంలో గోదావరి ఒడ్డున తలనీలాలు ఇచ్చే భక్తుడు కొత్త బ్లేడు వేయమని అడగటం నేడు సహజం. ఈ చిన్న కోరిక వెనుక పెద్ద చరిత్ర ఉన్నది.

పూర్వం క్షురకుని పొదిలోని మంగలికత్తే ఊరందరికీ ఆధారం. దానిని సానరాతిపై నూరి, తోలుపట్టీపై పదును పెట్టేవారు. గాటు పడితే పటిక రుద్దేవారు. పటిక నెత్తురును ఆపుతుందే గాని, దానిలోని వైరస్‌ను నశింపజేస్తుందని నమ్మరాదు.

అమెరికాలో 1903లో జిల్లెట్ బ్లేడు అమ్మకానికి వచ్చినది సౌకర్యం కోసమే. 1960వ దశకంలో బరూచ్ బ్లంబర్గ్ పరిశోధన హెపటైటిస్-బి వైరస్ జాడను చూపినది; 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. మన దేశంలో 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ బయటపడిన తరువాత సాగిన ఎయిడ్స్ ప్రచారం, కొత్త బ్లేడు అడగటం ప్రజలకు నేర్పినది.

అయితే క్షౌరశాలలో ఎక్కువగా భయపడవలసినది హెపటైటిస్-బికే. ఎండిన నెత్తుటిలోనూ అది కనీసం 7 రోజులు బతుకుతుంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దీనికి స్వదేశీ టీకాను అందించినది.

బ్లేడు మారినంత మాత్రాన పొది శుభ్రపడదు. ఏజెన్సీ సంతలో చెట్టు కింది కత్తెర, జాతరలో పచ్చబొట్టు సూది, ఖమ్మం బ్యూటీ పార్లరులో గోళ్ల పనిముట్లు: అన్నింటికీ నియమం ఒక్కటే. సూది, బ్లేడు ఒకరికే వాడి పారవేయాలి. లోహపు పనిముట్లను కడిగి, 20 నిమిషాలు మరిగించాలి. పటికరాయిని ఒకరి గాయం నుండి మరొకరి గాయానికి తాకించరాదు. అడగటానికి మొహమాటపడకండి, టీకా వేయించుకోండి.